సవరణ: 45 శాతం అంటే నయమయ్యేవాళ్లు కాదు

డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు) గురించి మొన్నటి పోస్టులో ‘జాగ్రత్తపడితే 45 శాతం మందికి నయమవుతుంది’ అని రాశాను. అది తప్పు, నేనే సరిగ్గా చదువుకోలేదు. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ చెప్పింది వేరు. వినికిడి లోపం (దీన్నే మనం అసలు పట్టించుకోం), బీపీ, షుగర్, పొగతాగడం, నలుగురిలో కలవకపోవడం లాంటి 14 కారణాలను అదుపు చేస్తే, మొత్తం జనాభాలో సుమారు 45 శాతం కేసులను ఆపొచ్చు లేదా వాయిదా వేయొచ్చు. వచ్చిన జబ్బును పూర్తిగా తగ్గించే మందు ఇంకా లేదు.

రాజోలు నుంచి ఒకావిడ ఫోన్ చేసి ‘మా అత్తగారికి ఎప్పటికి తగ్గుతుందండీ?’ అని అడిగారు. సాయంత్రమైతే పెద్దావిడ చెంబు పట్టుకుని, ఎప్పుడో అమ్మేసిన గేదెకు పాలు తీయడానికి బయల్దేరుతారట. గేదె లేదని వాదించకండి. దాని గురించే నాలుగు మాటలు అడుగుతూ అరుగు మీద కూర్చోబెట్టండి.