చెరువుకు లేని ఫిల్టర్ హౌజుకెందుకంటే

పెరట్లో చేపల హౌజు (నీళ్ల తొట్టి) కట్టుకున్నవాళ్ల ఫోన్లలో ఈ ఎండాకాలం ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నల్లగొండలో నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నదిదీ: ఫిల్టర్ అనేది దుకాణాలవాళ్ల వ్యాపారం, చెరువుకు ఎవరు పెట్టారు ఫిల్టర్? వారానికోసారి నీళ్లన్నీ తోడేసి బోరు నీళ్లు నింపండి. గుప్పెడు ఉప్పు, కాస్త పటిక వేయండి. పచ్చబడితే యూవీ (అతినీలలోహిత) లైటు చాలు. రాత్రి మోటరు ఆపి కరెంటు మిగుల్చుకోండి.

ముందు చెరువు సంగతి. చెరువుకూ ఫిల్టర్ ఉంది, మన కంటికి కనబడదంతే. అడుగున బురద, ఒడ్డున తుంగ, ఆ బురదలోని బ్యాక్టీరియా కలిసి చేపల మలినాన్ని అరిగించుకుంటాయి. పైగా అక్కడ చేపకు దొరికే చోటు చూడండి. బొచ్చె, రోహు కలిపి పెంచే చెరువుల్లో హెక్టారుకు 5,000 నుంచి 10,000 పిల్లలు వదులుతారు. అంటే చదరపు మీటరుకు ఒకటి, లేదా అంతకన్నా తక్కువ. మా హౌజు 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. అందులో 15 గోల్డ్‌ఫిష్‌లు వేశాం. చదరపు మీటరుకు దాదాపు ఏడు. దాన్ని పానగల్లు ఉదయసముద్రం లాంటి పెద్ద చెరువుతో పోల్చుకుంటే ఎట్లా?

చేప మొప్పల్లోంచి అమ్మోనియా బయటికొస్తూనే ఉంటుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం. మూడోది మరీ పేరుకుపోనంత వరకు ఫర్వాలేదు, తామర, అంతరతామర దాన్ని ఎరువుగా తీసుకుంటాయి. ఫిల్టర్ అంటే ఈ బ్యాక్టీరియాకు కట్టిచ్చిన ఇల్లు. చెత్తను ఆపే జల్లెడ పని దాని తర్వాతే.

నేను దెబ్బతిన్నది యూవీ దగ్గర. రెండేళ్ల కింద ఒక దుకాణంలో ‘ఇదొక్కటి చాలు సార్’ అంటే కొన్నాను. వారంలో నీళ్లు అద్దంలా అయ్యాయి, అడుగున రూపాయి బిళ్ల వేసినా కనిపించేది. మే నెలలో ఒకరోజు తెల్లవారేసరికి ఆరు చేపలు తేలాయి. అంతకు రెండు రోజుల ముందు నుంచీ అవి పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆడుకుంటున్నాయనుకున్నాం. మనకు కొర్రమట్ట అలవాటు కదా, అది పైకొచ్చి గాలి పీల్చుకోవడం దాని స్వభావం. గోల్డ్‌ఫిష్ అదే పనిగా అట్లా చేస్తే మాత్రం ఊపిరాడటం లేదనుకోవాలి. యూవీ చంపేది నీటిలో తేలే పచ్చ నాచును. చచ్చిన నాచు ఆ నీళ్లలోనే కుళ్లి ఇంకాస్త అమ్మోనియా చేస్తుంది. గోడకు పట్టిన పీచు నాచుకు దానివల్ల ఏమీ కాదు. ఫిల్టర్ ఉన్న హౌజుకు యూవీ అదనంగా పెట్టుకోవచ్చు, దాని బదులు మాత్రం కాదు.

పటిక మాట చదివి నవ్వొచ్చింది. పటిక గురించి నల్లగొండవాళ్లకు ఒకరు చెప్పాలా? నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు. నాగ్‌పూర్‌లోని ‘నీరి’ సంస్థ రూపొందించిన ఆ నల్గొండ టెక్నిక్‌లో పటికతోపాటు సున్నం కూడా కలుపుతారు, పటిక నీటిలోని క్షారగుణాన్ని తినేస్తుంది కాబట్టి. మెసేజ్‌లో సున్నం ఊసే లేదు. (వేయమని కాదు, చేపలున్న నీళ్లలో సున్నం వద్దే వద్దు.) పటిక మట్టిని కిందికి దించుతుంది, అమ్మోనియా జోలికి పోదు. ఆ తగ్గిన క్షారమేమో మన బ్యాక్టీరియాకు కావలసిన సరుకు.

ఉప్పుదీ ఇదే కథ. నైట్రైట్ విషానికి ఉప్పు విరుగుడన్న మాట నిజమే. కానీ లీటరుకు ఒక గ్రాము లెక్కన మా హౌజుకు 1.7 కిలోలు కావాలి. గుప్పెడంటే 50 గ్రాములు.

నీళ్లన్నీ మార్చడం ఇంకా ప్రమాదం. వేడి, పీహెచ్ (నీళ్లలో ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 దాటితే క్షారం) ఒక్కసారిగా మారితే చేప తట్టుకోలేదు. గోడలు రుద్ది కడిగితే ఉన్న కాస్త బ్యాక్టీరియా కాలువ పాలు. వారానికి పదో వంతు, మహా అయితే ఐదో వంతు మారిస్తే చాలు. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదన్నది సరే. అయితే మన దగ్గర చాలా బోర్లలో క్షారం ఎక్కువ. పీహెచ్ 7 నుంచి 8కి వెళ్తే అమ్మోనియాలో విషరూపంలో ఉండే వాటా దాదాపు పది రెట్లవుతుంది, ఎండకు నీళ్లు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. మా చేపలు మేలో పోవడానికి కారణమిదేనని నా నమ్మకం. మిషన్ భగీరథ నల్లా నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది, ఒక రోజు తెరిచిన డ్రమ్ములో ఉంచి పోయండి.

మరి ఏ ఫిల్టర్ కొనాలి? ముందు టేపు పట్టుకోండి. పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో గుణించి 28.3తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. మాది రెండున్నర అడుగుల లోతు, సుమారు 1,700 లీటర్లు. ఆ నీళ్లన్నీ రెండు గంటలకోసారి ఫిల్టర్‌లోంచి తిరగాలి, అంటే గంటకు 850 లీటర్లు. పంపు డబ్బా మీది అంకె నీళ్లు పైకెక్కించకుండా వేసిన లెక్క. నాలుగడుగులు ఎక్కించేసరికి బాగా పడిపోతుంది, అందుకని 1,500 పైన తీసుకున్నాను.

ఫిల్టర్ మాత్రం కొనలేదు. 200 లీటర్ల నీలం డ్రమ్ములో కింద బ్రష్షులు, వాటిపైన స్పాంజి, ఆపైన పీవీసీ పైపు ముక్కలు, గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు నింపాను. నీళ్లు కిందినుంచి ఎక్కి పైనుంచి హౌజులో పడతాయి, అడుగున మురికి వదలడానికి ఒక వాల్వు. కంకర కూడా పనిచేస్తుంది గానీ బురద పట్టాక దాన్ని ఎత్తి కడగడం నా నడుము వల్ల కాలేదు. స్పాంజిని హౌజు నీళ్లతోనే పిండాలి, నల్లా కింద పెడితే క్లోరిన్‌కు బ్యాక్టీరియా చస్తుంది. ఒక మాట, డ్రమ్ము పెట్టిన రోజే పని మొదలుకాదు. బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లూ చేపలు కొన్నే, మేత కొంచెమే.

ఇక రాత్రి మోటరు ఆపడం. నాచు, మొక్కలు పగలు ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రి అవీ పీల్చుకుంటాయి. తెల్లవారుజామునే నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. సరిగ్గా ఆ వేళకు మోటరు ఆపమంటున్నారు! 30 వాట్ల పంపు రోజంతా తిరిగినా నెలకు 22 యూనిట్లు దాటదు. గాలిదుమారానికి కరెంటు పోయి గంటలకొద్దీ పంపు ఆగితే డ్రమ్ములోని బ్యాక్టీరియాకూ ఊపిరాడదు. కరెంటు రాగానే స్విచ్ వేయకుండా, ముందు వాల్వు తిప్పి ఆ కంపు నీళ్లు మొక్కలకు వదిలేస్తాను.