ఒక్క క్వార్టరేగా!

పొద్దున్నే ఫోన్ తీస్తే మళ్ళీ అదే. "మద్యం పాలసీ: మేధావులు దాచిన 8 నిజాలు". పైన దణ్ణం బొమ్మ, కింద "కనీసం పది మందికి పంపండి". ఈ నెలలో ఇది నాకు రావడం ఆరోసారి. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ఇద్దరు పెట్టారు. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకాయన. మా తోడల్లుడు ఫ్యామిలీ గ్రూపులో ఒకసారి, నేను చూళ్ళేదనుకుని నాకు విడిగా ఇంకోసారి. నిన్న ఏకంగా మా కాలేజీ స్టాఫ్ గ్రూపులో పడింది, అదీ ఫిజిక్స్ మాస్టారి దగ్గర్నుంచి.

నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతా. పాతికేళ్ళుగా ఇథైల్ ఆల్కహాల్ ఫార్ములా బోర్డు మీద రాస్తున్నవాణ్ణి. అలాగని మందు ముట్టనివాణ్ణేం కాదు, బ్యాచ్ కలిసినప్పుడు మీ పక్కన కూర్చున్నవాణ్ణే. కాబట్టి "నీకేం తెలుసురా పంతులూ" అని మొదలెట్టకండి.

మొదటి నిజం: మన ఆంధ్రలో 2024 అక్టోబరులో సర్కారీ షాపులు పోయి ప్రైవేటు షాపులు తిరిగొచ్చాయి కాబట్టి కల్తీ సరుకు మాయమైపోయింది. అలాగా! మరి 2025 అక్టోబరులో ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ కేంద్రం బయటపడిందే, అక్కడ నింపినవి గోలీ సోడా సీసాలా? తర్వాతది.

రెండోది: బీరు మందు కాదు, బార్లీ నీళ్ళు, కిడ్నీలో రాళ్ళు కరిగిస్తుంది. 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులో 8 శాతం లెక్కన 52 మి.లీ. ఆల్కహాల్ ఉంటుంది. రెండు లార్జ్ పెగ్గుల విస్కీలో ఉండేదీ అంతే. రాళ్ళు కరిగించే శక్తే దానికి ఉంటే మా మార్కాపురం పలకల క్వారీల వాళ్ళు ఎప్పుడో కేసులకి కేసులు దింపుకునేవాళ్ళు.

మూడోది: ప్రపంచంలో ఏ దేశమూ ధర పెంచి తాగుడు తగ్గించలేకపోయింది. స్కాట్లాండు తగ్గించింది. 2018 మే 1 నుంచి అక్కడ 10 మి.లీ. ఆల్కహాల్‌ని ఒక యూనిట్‌గా కట్టి, యూనిట్‌కి 50 పెన్స్ కంటే తక్కువకి అమ్మకూడదని చట్టం చేశారు. అది లేకపోతే జరిగి ఉండే మద్యం చావులతో పోలిస్తే 13 శాతం పైన తగ్గాయని అక్కడి ప్రజారోగ్య సంస్థ లెక్క తేల్చింది. 2024లో ఆ 50ని 65 చేశారు. మన 99 రూపాయల క్వార్టర్‌ని, అంటే 180 మి.లీ. సీసాని, అక్కడి అరలో పెడితే దాదాపు 5 పౌండ్లకి తక్కువ అమ్మడానికి లేదు. అంటే మన డబ్బుల్లో 500 పైమాటే.

ఇక్కడ నాదీ ఒక తప్పు ఒప్పుకోవాలి. 2020 మేలో మన దగ్గర రెండు విడతల్లో మందు ధర 75 శాతం పెంచినప్పుడు భేష్ అన్నవాణ్ణి నేను. తర్వాత ఏమైంది? తెలంగాణ సీసాలు సరిహద్దు దాటొచ్చాయి, ఆరిపోయిన సారా బట్టీలు మళ్ళీ వెలిగాయి. స్కాట్లాండులో పక్క తండాలో బట్టీ ఉండదు. ఆ తేడా నాకప్పుడు తట్టలేదు.

కానీ అదే పాయింటు కింద కురిచేడు సంగతి ఇరికించారు చూడండి, అక్కడ నాకు ఒళ్ళు మండింది. "ధరలు పెంచినందుకు పేదలు శానిటైజర్ తాగి చచ్చిపోయారు" అట. మాకు కురిచేడు దూరమేం కాదు. 2020 జూలై ఆఖర్న అక్కడ పది మందికి పైగా పోయారు, నిజమే. అప్పుడు అక్కడ కరోనా వల్ల మందు షాపులే మూసేసి ఉన్నాయి. రేటెంతైతే ఏం, కొందామన్నా దొరకని రోజులవి. చుక్క పడకపోతే చేతులు వణికి, ఫిట్స్ వచ్చే స్థితికి చేరినవాడికి కావాల్సింది చవక సీసా కాదు, ఆసుపత్రిలో ఓ మంచమూ, వారం రోజుల మందులూను. ఆ శవాల్ని తెచ్చి ధరల పట్టిక పక్కన నిలబెట్టినవాడెవడో గానీ, వాడు ఆ ఊరివాడు మాత్రం కాదు.

నాలుగోది: "అన్నగారు ఒక్క సంతకంతో తెచ్చిన నిషేధం రెండేళ్ళకే కూలింది, కాబట్టి మద్యం చట్టాలన్నీ దండగ". కూలిన మాట నిజమే. 1995 జనవరి 16న మొదలైంది, 1997లో ఎత్తేశారు, మధ్యలో గోదావరి జిల్లాల వాళ్ళకి యానాం పుణ్యక్షేత్రమైంది. బీహారూ అంతే. 2016 నుంచి నిషేధమే, ఆ తర్వాత జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో అక్కడి మగవాళ్ళలో 15.5 శాతం మంది తాగుతామనే చెప్పారు. 2022 డిసెంబరులో సారణ్ జిల్లాలో కల్తీ సారాకి 70 మందికి పైగా బలయ్యారు. నిషేధం మీద మీతో నాకు పేచీ లేదు.

పేచీ ఆ "ఒక్క సంతకం" దగ్గర. సంతకం పెట్టింది 1994 డిసెంబరులో. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికెళ్ళిన ఆడవాళ్ళు సారా కొట్టు మూయించింది 1992లో. వేలంపాటలకి అడ్డంపడి, 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతా సారా బంద్ చేయించారు, కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా. 1980ల్లో వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లు ఊళ్ళకి దించింది ఎవరి ప్రభుత్వమో మెసేజ్‌లో లేదు, నేనూ చెప్పను, మీ పెద్దాళ్ళనడగండి. పోనీ నిషేధం కూలింది కాబట్టి షాపు ఎక్కడుండాలి, ఎన్నుండాలి, ఎప్పుడు మూయాలి అనే రూలేదీ అక్కర్లేదంటారా? హెల్మెట్ పెట్టుకున్నవాడూ చచ్చాడు కాబట్టి బండికి బ్రేకులు పీకేద్దామా?

ఇక ఐదోది. ఈ మొత్తం రాయడానికి కారణం ఇదే. ఉన్నదున్నట్టు దించుతున్నా: "రోజూ పని చేసుకునేవాడు రాత్రికి ఒక్క క్వార్టర్ వేసుకుంటే తప్పు లేదు. గుండెకి మంచిదని డాక్టర్లే అంటారు. అతిగా తాగితేనే ప్రమాదం."

ఒక్క క్వార్టర్. అతి కాదట.

సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది, చూడండి. 180 మి.లీ.ని దాంతో గుణిస్తే 77 మి.లీ. స్వచ్ఛమైన ఆల్కహాల్. సాంద్రత 0.789. అంటే 60.8 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఒక్క సిట్టింగులో 60 గ్రాములు చేరితే అది మోతాదు మించిన తాగుడు కింద లెక్క. నెలకోసారి జరిగినా ఆ ఖాతాలోనే రాస్తారు. మీరు "అతి కాదు" అని పంపుతున్న ఆ ఒక్క క్వార్టర్, కొలిచి పోసినట్టు సరిగ్గా ఆ గీత మీద ఉంది. దాన్ని రోజూ తాగమంటున్నారు, గుండెకి!

లివరు గంటకి ఏడెనిమిది గ్రాములు, మహా అయితే పది కరిగిస్తుంది. మజ్జిగ తాగినా, నిమ్మకాయ పిండుకున్నా ఆ వేగం మారదు. రాత్రి పదింటికి సీసా ఖాళీ చేసినవాడు తెల్లవారుజామున నాలుగింటికి పాల వ్యాన్ తాళం తిప్పేటప్పటికి ఇంకా లోపల సరుకుంటుంది. వాడికేమో దిగిపోయినట్టే అనిపిస్తుంది. ఇక గుండె సంగతి: ఏ మోతాదూ ఆరోగ్యానికి సురక్షితం కాదని అదే సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటి జాబితాలో ఆల్కహాల్ పానీయాలు 1988 నుంచీ ఉన్నాయి. మీ డాక్టరెవరో నాకు నంబరివ్వండి, మాట్లాడతా.

మా బస్టాండు పక్క షాపు ఎదురుగా టీ బండి ఉంది. ఓ రాత్రి తొమ్మిదీ ముప్పావుకి టీ తీసుకుని నిలబడ్డా. తాపీ పనివాడు, కాళ్ళకి ఇంకా సిమెంటు. క్వార్టర్, ప్లాస్టిక్ గ్లాసు, వాటర్ ప్యాకెట్, పది రూపాయల బఠాణీలు. ప్యాకెట్ మూల పంటితో కొరికి, సగం సీసా గ్లాసులో ఒంపి, నీళ్ళు కలిపి ఎత్తాడు. రెండు గింజలు నోట్లో వేసుకున్నాడు. మిగతా సగం ఒంపి మళ్ళీ ఎత్తాడు. సీసా కాలవలో పడేసి బండి కిక్ కొట్టాడు. నా టీ ఇంకా వేడిగానే ఉంది.

అతను నాకు తెలిసినవాడే, మా ఇంటి ప్రహరీ కట్టాడు. తర్వాతెప్పుడో అడిగా, సగం దాచుకుని రేపు తాగొచ్చుగా అని. "ఎక్కడ దాచమంటారు సార్, నడుంలో పెట్టుకుంటే పిల్ల చూస్తది" అన్నాడు.

అదీ అసలు సంగతి. క్వార్టర్ మూత తీశాక మళ్ళీ బిగించినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు. ఇంటికి తీసుకెళ్ళలేడు, దారిలో పెట్టుకోలేడు, అక్కడే నిలబడి ముగించాలి. సర్కారీ షాపా ప్రైవేటా, 99కా 150కా, ఏ బ్రాండు అని టీవీల్లో గొంతులు చించుకున్నారు గానీ, తాగేవాడి చేతికి ఏ సైజు సీసా ఇస్తున్నాం, ఎక్కడ నిలబెట్టి తాగిస్తున్నాం అని ఈ రెండు పార్టీల్లో ఒక్కడు అడిగాడా?

ఆరోది: మందు ఆదాయం లేకపోతే పింఛన్లు ఆగిపోతాయి. 2024లో 3,396 షాపుల లైసెన్సులకి దాదాపు 90 వేల దరఖాస్తులు, ఒక్కోదానికి తిరిగివ్వని 2 లక్షలు, మొత్తం దగ్గర దగ్గర 1,800 కోట్లు, ఒక్క సీసా అమ్మకముందే. బాగానే ఉంది. మీరు చెప్పినట్టు రోజుకో 99 రూపాయల క్వార్టర్ వేస్తే నెలకి 2,970. ముసలాయన పింఛను 4,000. మిగిలిన 1,030తో ఆ గుండె మందులు కూడా కొనుక్కుంటాడు లెండి.

ఏడోది పర్మిట్ రూములు, అదే షాపు పక్కనే తాగే గదులు. 2025లో అనుమతిచ్చారు కాబట్టి రోడ్డు మీద తాగడం ఆగిపోయింది, అంటున్నారు. మా ఊరి దాన్ని తొంగిచూశా: రేకుల షెడ్డు, నిలబడే బల్లలు, చెయ్యి కడుక్కునే కుళాయి పని చెయ్యదు. కాలవ గట్టు మీద నాలుగు నిమిషాల్లో తాగినవాడు ఇక్కడ ఆరు నిమిషాల్లో తాగుతున్నాడు. కాలవలో సీసాలు మాత్రం తగ్గాయి, కాదనను.

ఆఖరిది: షాపు తొందరగా మూస్తే తాగుడు తగ్గదు, గబగబా తాగుతారు. దీన్నీ ఉతికేద్దామనే కూర్చున్నా. కుదర్లేదు, ఎందుకంటే నిజం. ఆస్ట్రేలియాలో 1916 నుంచి సాయంత్రం ఆరింటికే బార్లు మూయించారు. పని ఐదింటికి దిగేది. ఆ గంటలో జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి గ్లాసు మీద గ్లాసు దించేవాళ్ళు. దానికి "ఆరుగంటల తాగుడు" అని పేరే పడిపోయింది. సిడ్నీ వైపు ఆ రూలు మార్చడానికి 1955 దాకా, మెల్‌బోర్న్‌లో 1966 దాకా పట్టింది. అలాగని టైము పెంచితే మనుషులు మారిపోతారనీ లేదు. 2005 నవంబరులో ఇంగ్లండు ఇరవై నాలుగ్గంటల లైసెన్సులకి తలుపులు తీసినప్పుడు, ఫ్రెంచివాళ్ళలా కూర్చుని నిదానంగా సిప్ చేస్తారని కొందరు, దేశం మునిగిపోతుందని కొందరు కొట్టుకున్నారు. రెండూ జరగలేదు. కానీ మూసే టైముకి ముందు తోసుకోవడం ఎలా ఉంటుందో మా బస్టాండు దగ్గర రాత్రి తొమ్మిదీ యాభైకి నేనే చూస్తున్నా.

కాబట్టి ఒరేయ్ అబ్బాయిలూ, పై ఏడూ చెరిపేసి ఈ ఎనిమిదోదొక్కటే ఉంచి పంపండి, పది మందికి కాదు, వంద మందికి నేనే ఫార్వర్డ్ చేస్తా. తోడల్లుడు గారూ, మీరు మాత్రం దయచేసి ఒక్కసారే పంపండి. ఫిజిక్స్ మాస్టారూ, సాంద్రత లెక్క మీకు నేను చెప్పాలా సార్? సోమవారం స్టాఫ్ రూములో కలుద్దాం.