తప్పు లెక్కను చదవగలిగే టీచర్

52లోంచి 27 తీసేయమంటే మూడో తరగతి పిల్లాడు 35 అని రాశాడు. ప్రైమరీ పిల్లలకు లెక్కలు చెప్పినవాళ్లెవరికైనా ఈ తప్పు బాగా తెలుసు. చాలామంది ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి, పక్కింటి నుంచి పది అప్పు తెచ్చుకోవాలని ఇంకోసారి చెప్పి ముందుకెళ్తారు. పిల్లాడు తలూపుతాడు. మర్నాడు మళ్ళీ 35.

నేను చూసిన ఒక టీచరమ్మ ఇంటూ కొట్టలేదు. పక్కన చతికిలబడి, "ఎలా చేశావురా, నాకూ చెప్పు" అన్నారు. వాడు అంకెల మీద వేలు పెట్టి చూపించాడు. "అయిదులోంచి రెండు పోతే మూడు. ఏడులోంచి రెండు పోతే అయిదు." ఏడు కింద ఉంది కదా అని ఆవిడ అడిగితే, "చిన్నదాంట్లోంచి పెద్దది పోదని మీరే చెప్పారు కదా టీచర్" అన్నాడు.

ఆవిడ ఒక్క క్షణం ఆగిపోయారు. నిజమే, చిన్న తీసివేతలు నేర్పేటప్పుడు అందరం ఆ మాటే చెప్తాం. వాడు ఆ మాటను శ్రద్ధగా గుర్తుపెట్టుకున్నాడు. తప్పు అక్కణ్నుంచే వచ్చింది. ఆవిడ బీరువాలోంచి చీపురు పుల్లలు తెచ్చారు. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన కట్టలు అయిదు, విడి పుల్లలు రెండు వాడి ముందు పెట్టి, "నాకు ఏడు పుల్లలియ్యి" అన్నారు. వాడు కాసేపు వాటి వంక చూశాడు. తర్వాత ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు విప్పేశాడు.

మంచి టీచర్‌కు ఏం ఉండాలని అడిగితే ఓపిక, ప్రేమ, క్రమశిక్షణ, సబ్జెక్టు మీద పట్టు అంటాం. అవన్నీ కావాలి. కానీ వీటన్నిటికీ వేరు ఒకటుందని నా నమ్మకం. ఈ పిల్లాడి బుర్రలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న ఆరాటం. బలవంతాన తెచ్చుకున్న ఓపిక నలభై మంది పిల్లల మధ్య మూడో పీరియడ్‌కే అయిపోతుంది. తప్పు ఎక్కణ్నుంచి వచ్చిందో కనిపెట్టాలన్న ఆసక్తి ఉన్నవాళ్లకు కోపాన్ని దిగమింగుకోవాల్సిన అవసరం అంతగా రాదు. బెత్తం కూడా గుర్తుకు రాదు. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో నిషేధించింది. అది అవసరమైన నిషేధమే. అయితే చట్టం చేతిని ఆపగలదు గానీ, "ఎలా చేశావురా" అని అడిగించలేదు.

ఈ ఆరాటం ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే గిడుగు రామమూర్తి గారి దగ్గరికి వెళ్లాలి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయన్ని తలచుకుంటాం. అంతకు ముందు ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనులకు చదువు చెప్పాలనుకున్నారు, వాళ్ల భాష తనకు రాదు. పిల్లల్నే తెలుగు నేర్చుకుని రమ్మనడం సులువైన దారి. ఆయన తెలుగు వచ్చిన ఒక సవర సాయంతో తానే సవర నేర్చుకున్నారు, ఆ భాషలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టించారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. పుస్తకాల్లోని తెలుగు జనం నోట్లో లేదని ఆయన జీవితమంతా పోరాడారు. ఆ పోరాటం వెనక కూడా పిల్లాడి నోటి మాటను చెవిపెట్టి విన్న ఒక పంతులే నాకు కనిపిస్తాడు. శ్రీకాకుళం పిల్లాడు నోట్సులో "బేగి రా" అని రాస్తే కొట్టేసి "త్వరగా రా" అని దిద్దే చేతులు ఇప్పటికీ ఉన్నాయి. "మీ ఇంట్లో ఇలాగే అంటారా?" అని ఒక్క మాట అడిగితే ఆ పిల్లాడు ఇంకో పది మాటలు చెప్తాడు.

మరి ఈ గుణాన్ని మనం ఎక్కడ వెతుకుతున్నాం? ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ టీచర్ల ఎంపిక పరీక్ష, 2025 మెగా డీఎస్సీ, 16,347 పోస్టులకు జరిగింది. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులకు జరిగింది. రెండు చోట్లా చాలా పోస్టులకు రాతపరీక్షకు 80 మార్కులు, టీచర్ అర్హత పరీక్ష అయిన టెట్ వెయిటేజీ 20. టెట్‌లో 150 మార్కులకు 30 శిశు వికాసం, బోధనా పద్ధతుల మీద వస్తాయి. వాటికీ సరైన ఆప్షన్ గుర్తిస్తే సరిపోతుంది. ఏళ్ల తరబడి కోచింగ్ హాస్టళ్లలో చదివి ఈ పోటీలో నెగ్గినవాళ్ల కష్టం చిన్నది కాదు, వాళ్లలో మంచి టీచర్లూ ఉన్నారు. కానీ ఈ మొత్తం వరసలో ఆ అభ్యర్థి ఒక పిల్లాడి పక్కన కూర్చుంటే ఏం మాట్లాడతారో చూసేవాళ్లు ఎవరూ లేరు. చూడాల్సింది బీఎడ్, డీఎడ్ టీచింగ్ ప్రాక్టీసులో. అక్కడ లెసన్ ప్లాన్ రికార్డులు ఎంత మొక్కుబడిగా తయారవుతాయో ఆ కోర్సులు చేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

దొరికిన మంచి టీచర్‌నైనా మనం కుదురుగా ఉండనివ్వడం లేదు. అయిదు తరగతులకు ఒక్కరే టీచరున్న బడిలో ఒక పిల్లాడి పక్కన పది నిమిషాలు కూర్చుంటే మిగతా నాలుగు తరగతులు గాలికి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లు టీచర్లు మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టారు. కార్పొరేట్ బడుల్లో వారం వారం టెస్టులు, ర్యాంకులు, తల్లిదండ్రులకు మెసేజ్‌లు. ఆ టెన్షన్‌లో 35 అనేది ఒక పోయిన మార్కు మాత్రమే.

మంచి టీచర్ పుట్టుకతోనే వస్తారన్న మాట నేను ఒప్పుకోను. అలా అనుకుంటే శిక్షణ బాధ్యత ఎవరికీ ఉండదు. వినడం కూడా నేర్చుకోగలిగిన పనే, పక్కవాళ్లు ఎలా వింటున్నారో చూసి. అందుకు కొత్త పథకమేదీ అక్కర్లేదు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఎలాగూ జరుగుతున్నాయి. అక్కడ సర్క్యులర్లు చదివే టైములో ఒక గంట తగ్గించి, ప్రతి టీచర్‌నూ తన క్లాసులో ఒక తప్పు లెక్క ఉన్న నోట్సు తెమ్మనండి. ఆ పిల్లాడు అలా ఎందుకు చేసి ఉంటాడో అందరూ కలిసి ఆలోచించాలి, అంతే. మొదటి సమావేశంలోనే ఎంతమంది సంచుల్లోంచి ఆ 35 బయటికొస్తుందో చూడండి.