నమ్మకం జలుబులా అంటుకోదు
నమ్మకాలు అంటువ్యాధిలా ఒకరి నుంచి మరొకరికి పాకుతాయని ఒక వ్యాసంలో చదివాను. ఆ వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. అలా పాకేది సమాచారం. దానికి ఒక్క పరిచయం చాలు. ఉద్యోగాల కబురు ఆప్తుల కంటే అంతంతమాత్రపు పరిచయస్తుల ద్వారానే ఎక్కువగా అందుతుందని సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే చూపించారు. నమ్మకం సంగతి వేరు. అవయవదానం మంచిదని ఏళ్ల తరబడి చదివాను, ఎన్నడూ కాదనలేదు, అయినా అంగీకార పత్రం మీద సంతకం పెట్టలేదు. మా అక్క, ఒక సహోద్యోగి, పాత స్నేహితుడు ఒకే ఏడాదిలో విడివిడిగా ఆ మాట ఎత్తాకే నా మనసు కదిలింది. మరో సామాజిక శాస్త్రవేత్త డేమన్ సెంటోలా 2010లో ప్రచురించిన ప్రయోగమూ ఇటువంటిదే చెబుతుంది: పరిచయస్తులు ఒకరికొకరు కూడా తెలిసి ఉండి, ఒకే మాట పలువురి నుంచి వినిపించే పరిచయాల అల్లికలో కొత్త ప్రవర్తన త్వరగా, ఎక్కువ మందికి చేరింది, దూరపు లంకెలతో నిండిన అల్లికలో వెనకబడింది. అయితే ఇందులోనే ఒక ప్రమాదం ఉంది, వ్యాసం దాన్ని తాకనే లేదు. నాకు చెప్పిన ముగ్గురికీ ఒకరితో ఒకరికి పరిచయం లేదు. అదే దగ్గరి గుంపులో పది మంది ఒకే చోట విన్నదాన్ని తిరిగి చెబితే, మనం దాన్ని పది వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కవేసుకుంటాం.