పవర్ స్టీరింగ్ బెల్ట్ పీకేయమనే ఆ మెసేజ్ ఇక ఆపండి

తిరుపతి, చిత్తూరు డ్రైవర్ల గ్రూపుల్లో ఏది తెరిచినా ఇదే మెసేజ్. "పాత బండికి పవర్ స్టీరింగ్ పంప్ మార్చడం దండగ. సౌండ్ వస్తే బ్రేక్ ఆయిల్ పోయండి. లేదా బెల్ట్ తీసేసి నడపండి, మైలేజీ పెరుగుతుంది. మార్చక తప్పకపోతే, కొత్త పంప్ బిగించి స్టీరింగ్ చివరిదాకా తిప్పి పట్టుకోండి, గాలి పోతుంది." చదివినవాళ్లంతా దండాలు పెట్టి ఇంకొకరికి పంపుతున్నారు.

ఆ పంప్ బెల్ట్‌తో తిరుగుతూ, ఆయిల్ ప్రెజర్‌తో స్టీరింగ్ తేలిక చేస్తుంది. బెల్ట్ తీస్తే మైలేజీ పెరుగుతుందా అని వాదించను. మిగిలేది కాస్త డీజిల్.

ప్రాణం మీదికి తెచ్చేది బెల్ట్ మాట. చాలా పాత డీజిల్ బండ్లలో బ్రేకులకు వాక్యూమ్ (గాలి లాగేసిన ఖాళీ) ఇచ్చే పంప్, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ వెనకాలే ఉంటుంది. స్టీరింగ్ పంప్, ఆల్టర్నేటర్ ఒకే బెల్ట్ మీద తిరిగే బండిలో ఆ బెల్ట్ పీకితే చార్జింగ్‌తో పాటు ఆ వాక్యూమ్‌తో బ్రేక్ పెడల్‌ను తేలిక చేసే బూస్టర్ కూడా పోతుంది. మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే సరి. తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. పలమనేరులో టమాటా ఎత్తుకుని మొగిలి ఘాట్ దిగేవాడికా ఈ సలహా? ఆ మెసేజ్ కింద "ఏం కాదులే మామా" అని రాసినాయన ఆ బండిలో పక్క సీట్లో కూర్చుంటాడా? బెల్ట్ విడిగా ఉన్న బండికి బ్రేకులు పోవు, నిజమే. కానీ భాకరాపేట ఘాట్ మలుపులో, నెమ్మదిగా వెళ్తూ ఆ బరువు స్టీరింగ్ తిప్పి చూడండి.

బ్రేక్ ఆయిల్ అయితే స్టీరింగ్ సీళ్లకు, అంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగులకు విషమే. అవి మినరల్ ఆయిల్‌కు సరిపోయే రబ్బరు. బ్రేక్ ఆయిల్‌లోని గ్లైకాల్ తగిలితే ఉబ్బి లీకవుతాయి, పంప్ ఖర్చుకు స్టీరింగ్ బాక్సు ఖర్చు తోడవుతుంది.

చివరిదాకా తిప్పి పట్టుకుంటే ప్రెజర్ మొత్తం రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెజర్‌ను వదిలేది) మీద పడి, ఆయిల్ కాగి కొత్త పంపే దెబ్బతింటుంది. గాలి తీయాలంటే ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజిన్ ఆపి, ఆయిల్ నింపుతూ స్టీరింగ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు నిదానంగా తిప్పాలి. నురగ ఆగాకే స్టార్ట్ చేయాలి.

పంప్ మార్చడం దండగ అన్న మాటలో మాత్రం కొంత నిజముంది: అక్కర్లేకుండా మార్చేస్తున్న పంపులు చాలానే ఉన్నాయి. ఆయిల్ తగ్గినా, పంప్‌కు ఆయిల్ తెచ్చే సక్షన్ పైపు క్లిప్ వదులై గాలి పీల్చినా, బెల్ట్ సడలినా సౌండ్ వస్తుంది. ముందు అవి చూపించుకోండి. నిజంగా పంపే పోతే, పాత ఆయిల్‌లో ఇనుప రజను ఉండొచ్చు. పైపులు, ఆయిల్ డబ్బా కడిగించకుండా కొత్తది బిగించనివ్వకండి.