టిక్కుల దొరవారికి విన్నపం

మహారాజశ్రీ అమెరికా పాఠశాల ఆరోగ్య సర్వే ప్రశ్నాపత్రం వారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది ఏమనగా:

తమరు అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ వారింట 'స్కూల్ హెల్త్ పాలసీస్ అండ్ ప్రోగ్రామ్స్ స్టడీ' అన్న పేరుతో పుట్టి 1994లో బడిబాట పట్టారు. అప్పుడు మిడిల్ స్కూళ్లు, హైస్కూళ్ల గడపలే తొక్కారు. చిన్నపిల్లలకూ ఒళ్లుంటుందని 2000లో గుర్తొచ్చి ఎలిమెంటరీలో అడుగుపెట్టారు. 2012కల్లా తమ పేరులోని 'ప్రోగ్రామ్స్' పోయి 'ప్రాక్టీసెస్' వచ్చింది. రెండిటికీ మొదటి అక్షరం 'పి'యే కనుక ఎస్‌హెచ్‌పీపీఎస్ అన్న పొట్టిపేరు చెక్కుచెదరలేదు. ఇంత చౌకలో అయిపోయిన సంస్కరణ ఇంకొకటి ఉంటుందా?

'ఫలానా విషయంలో విధానం ఉందా?' అంటారు తమరు. ఉంది. బీరువాలో ఉంది. ప్రభుత్వ భోజన పథకంలో ఉన్న స్కూల్ డిస్ట్రిక్టులన్నీ (అంటే ఒక ప్రాంతపు బడులను నడిపే స్థానిక యంత్రాంగాలు) 2006-07 చదువులు మొదలయ్యేలోగా వెల్‌నెస్ పాలసీ, అంటే పిల్లల ఆరోగ్య విధానం, రాసుకోవాలని 2004లో చట్టమే చెప్పింది. రాసుకున్నారు. ఇక 'తప్పనిసరి', 'సిఫారసు' అని తమరు విడివిడిగా గీసిన గడుల్లో రెండోది బహు తీపి. చెయ్యకపోయినా తప్పు లేదు, చెప్పినట్టు లెక్కలోకి వస్తుంది.

అయితే తమరు గట్టిగా నిలదీసిన రోజూ ఒకటుంది. 2006లో వ్యాయామ పాఠం ఉందా అని అడిగి ఊరుకోకుండా వారానికి ఎన్ని నిమిషాలు, ఏడాదంతానా, అన్ని తరగతులకూనా అని కూపీ లాగారు. ఎలిమెంటరీకి వారానికి 150 నిమిషాలు, పైవాళ్లకు 225 అన్నది కొలత. ఆ కొలత అందుకున్న ఎలిమెంటరీ బడులు 3.8 శాతం, మిడిల్ స్కూళ్లు 7.9, హైస్కూళ్లు 2.1. అదే ఏడాది చిరుతిండి కొనుక్కోవడానికి వెండింగ్ మెషీనో, స్నాక్ బారో ఏదో ఒకటి ఉన్న హైస్కూళ్లు 89.4 శాతం! వ్యాయామం నుంచి ఎవరెవరికి మినహాయింపు ఇస్తారని కూడా అడిగారు. బ్యాండులో ఉన్నవాళ్లకు, పాటల బృందంలో ఉన్నవాళ్లకు ఇస్తారా అని. బాకా ఊదినా ఊపిరాడుతుందిగా, వ్యాయామమే.

జవాబు ఎవరు రాస్తారన్నది అసలు తంటా. 'విషయం బాగా తెలిసినవారు' రాయాలని తమ కోరిక. నర్సు మూడు బడులు తిరిగే మనిషి, ఆ రోజు ఇక్కడ ఉండదు. ప్రిన్సిపల్ వచ్చి నాలుగు నెలలే, తమరేమో 'గత 12 నెలల్లో' అంటారు. మిగతా ఎనిమిది నెలలకూ ఊహే గతి. 'తెలియదు' గడి లేకపోతే ఆ ఊహ కాస్తా టిక్కై గణాంకంలో కూర్చుంటుంది.

ఇంకో గుట్టు. 'ఉంది' అంటే వెనకాల పన్నెండు ఉపప్రశ్నలు బారులు తీరతాయి, 'లేదు' అంటే సరాసరి తర్వాతి భాగంలో పడతారు. ఇది నాలుగో పేజీకే ఎవరికైనా తెలిసిపోతుంది. అందుకే మొదటి పేజీల్లో నిండు ఆరోగ్యంగా ఉన్న బడి ఇరవయ్యో పేజీకి మంచం పడుతుంది. దీనికి మందు భాగాల వరుస మార్చి మార్చి ఇవ్వడం, ప్రధాన ప్రశ్నలన్నీ ముందే అడిగేసి ఉపప్రశ్నలు తర్వాత పెట్టడం.

శాంపిల్ సంగతికొస్తే, 400 బడులను విడివిడిగా చీటీ తీసి ఎంచినా 50 శాతం అని తేలిన జవాబు అటూ ఇటూ ఐదు పాయింట్లు ఊగుతుంది. ముందు కొన్ని జిల్లాలు ఎంచి, వాటిలోంచి బడులు తీస్తే ఇంకా ఎక్కువ. పైగా త్వరగా జవాబు పంపేది బీరువా సర్ది ఉన్న బడే. వెయిటింగ్‌తో, అంటే తక్కువగా దొరికినవాళ్ల జవాబుకు లెక్కలో ఎక్కువ బరువిచ్చి, బడి సైజూ ప్రాంతమూ సరిదిద్దవచ్చు గానీ, బీరువా సర్దలేరు కదా.

1994, 2000, 2006లలో రాష్ట్రం, డిస్ట్రిక్టు, బడి, తరగతి నాలుగూ ఒకే విడత చూశారు. తర్వాత 2012లో పై రెండూ, 2014లో కింది రెండూ, 2016లో ఒక్క డిస్ట్రిక్టూ. పైన వేసిన రూలు కింద పాకిందా లేదా అని చూసేవాళ్లకు, ఒక ఏడాది భుజాలూ మరో ఏడాది నడుమూ కొలిచిన దర్జీ చొక్కా అందింది.

కనుక మళ్లీ ఎప్పుడైనా విడత వస్తే 'ఉందా' బదులు 'చివరిసారి ఏ తేదీన' అని అడగండి. నర్సు ఈ వారం ఈ భవనంలో ఎన్ని గంటలుందో అడగండి. పాలసీ నకలు జతచేయమనండి. నిన్నటి భోజనం మెనూ కూడా. స్టేపుల్ పిన్నుకు మార్జిను వదలగలరు.

చిత్తగించవలెను.

ఇట్లు,
ఇరవయ్యో పేజీ నుంచి అన్నిటికీ 'లేదు' కొట్టి ఇంటికెళ్లినవారి తరఫున