కూయబోయే ముందు రెక్కలు

1245లో ఇటలీలోని బ్రెషా నగరంలో ఆల్బెర్టానో అనే న్యాయవాది, ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి అని కొడుకు స్తెఫానో కోసం లాటిన్‌లో చిన్న పుస్తకం రాశాడు. దాని మీద ఒక అక్కా తమ్ముడి వాదన ఇది.

తమ్ముడు: నాకైతే అది నోరు కట్టేసే పుస్తకంలా ఉందక్కా. ఎవరు, ఏమిటి, ఎవరితో, ఎందుకు, ఎలా, ఎప్పుడు అని ఆరు ప్రశ్నలు వేసుకున్నాకే నోరు తెరవాలట. అవన్నీ తేలేసరికి చెప్పాల్సిన వేళ కాస్తా దాటిపోతుంది.

అక్క: ఆరో ప్రశ్నే ‘ఎప్పుడు’ కదరా, వేళ చూసుకోమనే కదా అది! అసలు మొదట్లో అతను తెచ్చిన పోలిక చూడు. కోడిపుంజు కూసే ముందు మూడుసార్లు రెక్కలతో తన ఒంటిని తానే కొట్టుకుంటుంది, నువ్వూ అలాగే నిన్ను నువ్వు తట్టి చూసుకో అంటాడు. మన పెరట్లో పుంజు గోడెక్కి, మెడ నిక్కించి, టపటపా రెక్కలు కొట్టుకునేది గుర్తుందా? అంత చేసి కూయకుండా దిగిపోవడం ఎప్పుడైనా చూశావా?

తమ్ముడు: పోలిక బాగుంది గానీ, రాసిందెవరు? 1238లో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి సేనల నుంచి గవార్దో అనే ఊరిని కాపాడబోయి పట్టుబడి, క్రెమోనా జైలు పాలైనవాడు. అంత దెబ్బ తిన్నవాడు కొడుక్కి జాగ్రత్తే నేర్పుతాడు.

అక్క: ఆ జైల్లోనే కదరా మొదటి పుస్తకం రాశాడు!

తమ్ముడు: సరే, ఆ కాలం మొత్తాన్ని చూడు. క్రైస్తవ సన్యాసుల కోసం బెనెడిక్ట్ రాసిన మఠ నియమాల్లో ఆరో అధ్యాయమంతా మౌనం గురించే, మంచి మాటైనా ఒక్కోసారి ఆపుకోమంటుంది. ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠం సన్యాసులైతే రొట్టె కావాలంటే రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి గుండ్రంగా చూపించేవాళ్లు, చేపకైతే నీళ్లలో తోక ఆడినట్టు చెయ్యి ఆడించేవాళ్లు.

అక్క: అవే నియమాల్లో మూడో అధ్యాయం కూడా చదువు. పెద్ద విషయం వస్తే మఠంలో అందరినీ పిలవాలి, ఎందుకంటే మేలైన దారిని దేవుడు తరచు చిన్నవాళ్లకే తోపిస్తాడని ఉంటుంది. మౌనం పాటించమన్నవాళ్లే పిలిచి మరీ మాట్లాడమన్నారు.

తమ్ముడు: చదవడం వేరక్కా. మొన్న మీటింగ్‌లో, చేయని తప్పు కొత్తగా చేరిన అమ్మాయి మీద పడింది. నిజం నాకు తెలుసు. కానీ ఆల్బెర్టానో మొదటి ప్రశ్న కిందే ‘ఇది నీకు సంబంధించిన విషయమేనా’ అని చూసుకోమంటాడు కదా, నేను అక్కడే ఆగిపోయాను. ఆ అమ్మాయి తల ఎత్తకుండా పెన్ను క్యాప్ తీస్తూ పెడుతూ కూర్చుంది.

అక్క: నిజం తెలిసింది నీకొక్కడికే అయినప్పుడు అది నీకు సంబంధించింది కాక ఇంకెవరికి సంబంధించిందిరా?

తమ్ముడు: మీటింగ్ అయిపోయిందిగా, ఇప్పుడు చెప్పి ఏం లాభం?

అక్క: మీటింగే అయిపోయింది. ఆ తప్పు ఇంకా ఆ పిల్ల పేరు మీదే ఉంది.

తమ్ముడు: ... మా మేనేజర్ పొద్దున్న తొమ్మిదిన్నరకు వస్తారు.